ఇంటికొక్క అట్ట

తాను చచ్చిపోయి మూడేళ్ళయిందన్న సంగతి గుయ్‌లాన్‌కు గుడ్ల వరసలో నిలబడ్డప్పుడు తెలిసింది.

చెప్పినవాడు పరాయివాడేం కాదు, కట్టుకున్న మొగుడే. సరిగ్గా ఆమె ముందు నిలబడి, తన ముందున్న ఎర్రకోటు ఆవిడతో, "మూడేళ్ళయింది చెల్లెమ్మా, మా ఆవిడ పోయి," అని నిట్టూర్చాడు ముసలి షెన్.

చైనాలో వూషీ నగరంలోని ఆ సూపర్ మార్కెట్టు మంగళవారం పొద్దున్నే గుడ్లు సగం ధరకు అమ్ముతుంది. ఇంటికొక్క అట్టే. మొగుడూ పెళ్ళాలు చెరో అట్టకీ నిలబడి దొరికిపోతే ఇద్దరికీ గుడ్లుండవు, పైగా మార్కెట్టు వాళ్ళిచ్చిన రాయితీ కార్డు లాగేసుకుంటారు. పింఛను పెరగదు, కూరల ధర తగ్గదు. రెండు అట్టలు చేతికొస్తేనే షెన్ ఇంట్లో వారం గట్టెక్కుతుంది. అందుకే బస్సులో మొగుడి మెడకు మఫ్లరు చుడుతూ పాఠం చెప్పింది గుయ్‌లానే. "నువ్వెవరో, నేనెవరో. ఎవరైనా అడిగితే ఒంటిగాణ్ణని చెప్పు."

ఒంటిగాణ్ణని చెప్పమంది గానీ, తనను చంపెయ్యమనలేదు.

"అయ్యో పాపం," అంది ఎర్రకోటావిడ. సంచిలోంచి పొగలు కక్కే బన్ను తీసి షెన్ చేతిలో పెట్టింది. "నాదీ అదే బతుకండీ. మా ఆయన పోయి ఐదేళ్ళు. మరి మీకు వంటెవరు చేస్తున్నారు?"

"నేనే. ఆవిడున్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది లెండి! ఉప్పుడబ్బా బోర్లించేది. నా నాలుకకు రుచి తెలిసింది ఈ మూడేళ్ళే."

గుయ్‌లాన్ పళ్ళు పటపట కొరికింది. తన చేతి వంట తిని పెరిగిన బొజ్జ కాదూ అది! ఊరుకుందామనే అనుకుంది. నోరు ఊరుకోలేదు.

"పోయినవాళ్ళ మీద చాడీలు చెప్పకూడదండీ. పాపం ఆ తల్లి ఎక్కడుందో, అన్నీ వింటూనే ఉంటుంది."

షెన్ వెనక్కి తిరిగాడు. కళ్ళనిండా దొంగనవ్వు. పెళ్ళాం ఎదురుగా ఉండీ తనను 'ఏమయ్యా' అని నిలదీయలేని పూట ఆ మనిషి జన్మలో మళ్ళీ వస్తుందా?

"మీరెవరో గానీ అక్కగారూ, గొంతు అచ్చం మా ఆవిడదే. గుండె ఝల్లుమంది."

"అంత భయపెట్టేదా?" అంది ఎర్రకోటావిడ.

"గురక పెడితే పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టేవారు!"

"పుణ్యాత్మురాలు," అంది గుయ్‌లాన్. "ఇలాంటి మొగుణ్ణి వదిలించుకుని హాయిగా పోయింది."

ఆమె వెనకనున్న బట్టతలాయన ఫ్లాస్కు మూత బిగిస్తూ గొణిగాడు. "మీ గొడవ తర్వాత చూసుకోండమ్మా. అక్కడ గుడ్లు అయిపోవస్తున్నాయి. నాదాకా వచ్చేట్టు లేవు."

నిజమే. తలెత్తు ఉన్న అట్టల దొంతర మోకాలి దాకా దిగింది. గుయ్‌లాన్ కోపం దిగమింగింది. ఇంకొక్క నిమిషం ఓపిక పడితే రెండు అట్టలు. ఇంటికెళ్ళాక ముసలాడి సంగతి తేల్చొచ్చు.

ఎర్రకోటావిడ మాత్రం ఆగేలా లేదు. షెన్ కోటు పట్టుకుని దగ్గరగా చూసింది. "అయ్యయ్యో, గుండీ ఊడిపోయిందే! చూసుకునే మనిషి లేకపోతే ఇంతే. సాయంత్రం మా ఇంటికి రండి, కుట్టిపెడతాను. అలాగే నాలుగు మెతుకులు తినిపోదురు గాని."

ఆ గుండీ కుట్టవే అని ముసలాడు వారం నుంచీ అడుగుతూనే ఉన్నాడు. రేపు రేపంటూ తనే దాటేసింది.

వద్దండీ అంటాడేమోనని చెవులు రిక్కించింది. షెన్ బన్ను నములుతూ, "సాయంత్రం అంటే... ఏం వండుతారేమిటి?" అన్నాడు. ఈసారి ఆ మాట చివర చెల్లెమ్మా లేదు, గిల్లెమ్మా లేదు.

"తియ్యవే చెయ్యి!" గుయ్‌లాన్ అరుపుకు అద్దాలు అదిరాయి. "ఆయన పెళ్ళాం చావలేదు! ఇదిగో, గుండ్రాయిలా ఇక్కడే ఉంది! ఆ గుండీ నేను కుట్టుకుంటాను, ఆ నాలుగు మెతుకులూ నేనే పెట్టుకుంటాను!"

వరసంతా ఇటు తిరిగింది. కౌంటరు దగ్గరున్న పిల్ల మైకు దించి చెయ్యి చాచింది. "మొగుడూ పెళ్ళాలన్నమాట. కార్డులిటు ఇచ్చి బయటికి నడవండి తాతగారూ."

ఇద్దరూ ఒట్టి చేతులతో బస్టాపులో కూలబడ్డారు.

"గుడ్లూ పోయె, కార్డూ పోయె," అన్నాడు షెన్. "ఏమిటా అరుపు?"

"ఏం వండుతారని అడిగావు కదూ? వెళ్ళు, వెళ్ళి తిను!"

"ఊరికే ఆటపట్టించానే. నువ్వంతలా అరుస్తావని నాకేం తెలుసు?" మఫ్లరు సర్దుకుంటూ, "అయినా బాగానే ఉందిలే," అన్నాడు.

"ఏమిటి బాగుండేది?"

"ఆ అరుపు."

గుయ్‌లాన్ మొహం అటు తిప్పుకుంది. నవ్వొస్తోంది, కనిపించనివ్వకూడదు. అప్పుడే బస్టాపు వెనక, ప్రకటనల బోర్డుకు అవతలి పక్క, ఎవరో వచ్చి నిలబడ్డారు. సందులోంచి ఎర్రకోటు అంచు కనిపించింది. ఆ పక్కనే ఓ బట్టతల. ఇద్దరి చేతుల్లోనూ చెరో గుడ్ల అట్ట.

"బస్సులో ఆవిడ మఫ్లరు చుట్టినప్పుడే కనిపెట్టాను, మొగుడూ పెళ్ళాలని," అంటోంది ఎర్రకోటావిడ. "వాళ్ళిద్దర్నీ ఊడబెరికాను కాబట్టి ఆఖరి అట్ట నీకు దక్కింది. పై మంగళవారం మాత్రం చచ్చేది నేను, ఏడ్చేది నువ్వు!"