పెద్దదానివైనవు బిడ్డా

“ఇంకా నలభై నిమిషాలే ఉన్నది. సంతకం పెట్టు బిడ్డా,” అన్నాడు నర్సింహ, ఖాళీ నామినేషన్ కాగితాలు కూతురి ముందుకు జరుపుతూ.

సమత పెన్ను ముట్టలేదు. పంచాయతీ ఆఫీసు వరండాలో సిమెంటు అరుగు మీద చేతులు కట్టుకొని కూర్చుంది. లోపలి గదిలో ఎన్నికల అధికారి సర్పంచ్ నామినేషన్లు తీసుకుంటున్నాడు. ఐదు కొట్టగానే తలుపు మూసేస్తారు. గేటు బయట నర్సింహ మనుషులు యాభై మంది దాకా పూలదండలు పట్టుకొని నిలబడ్డారు.

మొయినాబాద్ మండలంలోని ఆ ఊరికి నర్సింహ పదేళ్లు సర్పంచ్‌గా చేశాడు. ఈసారి సీటు ఆడవాళ్లకు పోయింది. పోయిన వారమే సమతకు ఇరవై ఒకటి నిండింది. పోటీకి సరిగ్గా కావలసిన వయసు. చదువుకున్న పిల్లంటే ఊరంతా ఓటేస్తుందనుకొని, యూనివర్సిటీ హాస్టల్‌కు పోయి కారులో ఎక్కించుకొచ్చాడు.

“సోమవారం నుంచి నాకు పరీక్షలు బాపు.”

“వచ్చే ఏడు రాసుకో. పరీక్షలు యాడికి పోతయి? ఈ సీటు మళ్ల ఐదేండ్లకు గాని రాదు.”

“గెలిస్తే ఊళ్లెనే ఉండాలె. నా చదువెట్ల?”

“నువ్వు చేసేదేం లేదు. నేను చూపించిన కాడ సంతకం పెట్టు చాలు. మిగిలిందంత నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు.”

సమత తలెత్తి తండ్రి కళ్లలోకి చూసింది.

“పోయిన నెల ఫ్రెండ్స్‌తోని అనంతగిరి గుట్టలకు పోతనంటే వద్దన్నవు. చిన్నపిల్లవన్నవు.”

“అది వేరే, ఇది వేరే.”

“మరి నేనిప్పుడు పెద్దదాన్నా, చిన్నదాన్నా?”

“పెద్దదానివైనవు బిడ్డా. గవర్నమెంటే చెప్పింది గద!” నర్సింహ నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

“మా సోషియాలజీ క్లాసుల ఇదే చెప్పిండ్రు బాపు. కొన్ని దేశాలల్ల పద్దెనిమిది నిండంగనే పిల్లలు వేరే గది కిరాయికి తీసుకుంటరంట. కొన్ని తెగలల్ల పిల్లగాన్ని ఒక్కన్నే అడవికి తోలుతరంట. తిరిగొస్తే పెద్దోడైనట్టు. ఒక్కో కాడ ఒక్కో తీరు. గాని ఇంకొకరు చూపించిన కాడ సంతకం పెడితే పెద్దోళ్లయితరని ఏ పుస్తకంల లేదు.”

నర్సింహ గేటు వైపు చూశాడు. ఇంట్లో అయితే కసురుకునేవాడే. ఇక్కడ గేటు దగ్గర అందరూ చూస్తున్నారు. ఆమె పక్కనే అరుగు మీద కూలబడ్డాడు.

“ఎలక్షన్లు పెట్టక, పదవి పోయి రెండేండ్లాయె. అప్పట్ల మన వాకిట్ల నిలబడనీకి జాగ లేకుండె. ఇప్పుడు దుకాణం కాడికి పోతే లేచి కుర్చీ ఇచ్చెటోడు లేడు. నీ పేరు బోర్డు మీద పడితే నా పేరు పడ్డట్టే బిడ్డా. ఇంతకన్న నేనేమడుగుతున్న నిన్ను?”

తండ్రి ఇట్లా బతిమాలడం సమత ఎప్పుడూ వినలేదు. ఆమె కళ్లు తడయ్యాయి. స్తంభం పక్కన నిలబడిన తల్లి శకుంతలమ్మ వైపు చూసింది. అప్పటి దాకా ఒక్క మాట మాట్లాడని శకుంతలమ్మ కొంగుతో మొహం తుడుచుకొని, మెల్లగా తలూపింది.

సమత పెన్ను తీసుకొని లేచింది.

“సరే బాపు. సంతకం పెడ్త.”

నర్సింహ ప్రాణం కుదుటపడింది. “నా తల్లే! పా, నీ పేరు ప్రతిపాదించెటోన్ని నేనే గద,” అని తానూ లేచాడు.

“నువ్వు గేటు కాడ ఉండు. అమ్మ, నేను పోతం. ఆడోళ్ల సీటు, ఇద్దరం ఆడోళ్లమే పోతే బాగుంటది.”

ఆ మాట నర్సింహకు నచ్చింది. ఊళ్లో చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. తల్లీకూతుళ్లు లోపలికి పోతుంటే వెనక నుంచి చూస్తూ, కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. మొన్నటి దాకా వేలు పట్టుకొని బడికి పోయిన పిల్ల. ఎప్పుడింత ఎదిగింది?

ఐదు కొట్టింది. తలుపు మూశారు. నర్సింహ అన్నిటికంటే పెద్ద దండ అడిగి తీసుకున్నాడు. ఇంకాసేపటికి ఎన్నికల అధికారి జాబితాతో వరండాలోకి వచ్చాడు. వెనకాలే సమత, శకుంతలమ్మ.

“సర్పంచ్ పదవికి మూడు నామినేషన్లు,” అంటూ ఆయన మొదటి రెండు పేర్లు చదివాడు. “మూడు... శకుంతలమ్మ, భర్త నర్సింహ.”

నర్సింహ దండ పట్టుకొని గబగబా మెట్లెక్కాడు.

“సార్, పేర్లు తారుమారైనయి. పోటీ చేసేది మా బిడ్డ. ప్రతిపాదించింది మా ఇంటామె.”

అధికారి కళ్లద్దాలు సవరించుకొని కాగితం మళ్లీ చూశాడు.

“తారుమారేం కాలేదు. ప్రతిపాదించినవారు సమత.”

నర్సింహ కూతురి వైపు తిరిగే లోపల, శకుంతలమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అంది:

“జర పక్కకు జరుగుండ్రి. బయట జనం నిలబడ్డరు, నేను మాట్లాడాలె.”