సోమి ఏనుగు

సోమి చూపుడువేలు ఏనుగు తొండం మీద ఆగింది. ఇక కదల్లేదు.

ఆవపల్లిలో రాజావారి బడి పెట్టి మూడేళ్లు. ఇన్నాళ్లకు ఒక పిల్ల తనంతట తాను పుస్తకం ముట్టుకుంది. దశరథరామయ్య పంతులుకి సంబరంతో ఆ పూట ఆకలే తెలియలేదు.

సంబరం ఉండదా మరి? నాలుగు రోజులు ఎడ్లబండి మీద భద్రాచలం పోయి, కొట్టువాడు విసుక్కునేదాకా పుస్తకాలు తిరగేసి ఏరుకొచ్చాడాయె. ఒట్టి అక్షరాలున్నది పెద్దపిల్లలకి. చిన్నవాళ్లకి ఇదిగో, రంగుబొమ్మలది. పైన ఏనుగు, దాని కింద గుర్రం, దాని కింద చేప, ఆ కింద నెమలి.

"ఇంటికి తీసుకుపో. మీ అమ్మకి చూపించు," అన్నాడు సోమితో.

మర్నాడు పొద్దున్నే సోమి తల్లి దేవే వచ్చింది. పుస్తకాన్ని టేకాకులో చుట్టి, చేతికి తగలకుండా కొసన పట్టుకుని తెచ్చింది.

"ఇదేంది పంతులూ?"

"బొమ్మల పుస్తకం. పిల్లలకి తొందరగా చదువొస్తుందని..."

"ఏనుగు, గుర్రం, చేప. ఒకదాని కింద ఒకటి. మా మామ పోయినంక కంబం మీద గిట్లనే గీసిండ్రు. సచ్చినోళ్లకు గీస్తరు గివి. నా బిడ్డకెందుకు ఇచ్చినవ్?"

పంతులు నాలుక కరుచుకున్నాడు.

ఊరి బయట దారి పక్కన ఆ చెక్క కంబాలు రోజూ చూస్తూనే ఉన్నాడు. భద్రాచలం కొట్లో మాత్రం ఒక్కటంటే ఒక్కటి గుర్తుకు రాలేదు. చదువుకున్నవాడి తెలివి అంతే.

పుస్తకం ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. సోమికి ఒట్టి అక్షరాలది ఇచ్చాడు.

ఆ పిల్ల దాన్ని బుద్ధిగా ఒళ్లో పెట్టుకునేది. పేజీలన్నీ తిప్పి చూసేది.

"ఏనుగు ఏది పంతులూ?"

"తర్వాత చూద్దాంలే," అనేవాడు.

వానలు పడ్డాక సోమికి చలిజ్వరం వచ్చింది. నాలుగో రోజున పోయింది.

దినాలయ్యాక దేవే వచ్చి బడి అరుగు మీద కూర్చుంది.

ఏమన్నా పడాల్సిందే అనుకుని దశరథరామయ్య తల వంచుకు నిలబడ్డాడు. ఆ పుస్తకం ఇచ్చింది తను. దాచిందీ తనే. ఏది తప్పో అతనికే తెలియడం లేదు.



"చిన్నపిల్లలకు కంబం పాతరు పంతులూ," అంది దేవే.

అతను తలెత్తాడు.

"ఆ పుస్తకం ఉన్నదా?"

పెట్టె అడుగునుంచి తీసి ఇచ్చాడు. దేవే చీరకొంగుకి చేతులు తుడుచుకుని అందుకుంది.

"నా బిడ్డ అడిగేది ఏది?"

పేజీ తీసి చూపించాడు. దేవే చూపుడువేలు తొండం మీద ఆగింది.

తర్వాత పుస్తకం మూసి, రెండు చేతులా గుండెకు పట్టుకుని, బురదలో మెల్లగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఈసారి టేకాకు తేలేదు.