నాలుగో యూనిట్‌లో ఖాళీ

"ముందు అది చెప్పవయ్యా. ఉన్నాడా, పోయాడా?" కృపానాథ్ భట్టాచార్య బల్ల చరిచాడు. పేరులో ఉన్న కృప ఆయన గొంతులోకి ఎన్నడూ దిగలేదు.

"ఉన్నారు కృపాదా," అన్నగారికిచ్చే 'దా' తగిలించి మరీ నసిగాడు దేవతోష్ లాహిరి. "కానీ ఇవాళో రేపో అన్నట్టున్నారు."

"అయితే పోయాక చూద్దాం."

"రేపటికి సిలబస్ అచ్చుకెళ్ళిపోతుంది! మళ్ళీ పదేళ్ళదాకా ఎవరూ దాన్ని ముట్టుకోరు."

"దానికి నేనేం చెయ్యను? కాస్త ముందుగా బయల్దేరాల్సింది ఆయన."

కలకత్తాలోని ఒక విశ్వవిద్యాలయంలో బెంగాలీ ఎం.ఎ. పాఠాలు తిరగరాయడానికి కృపానాథ్ అధ్యక్షతన పొద్దున కూర్చున్న మండలి అది. పేరుకి తగ్గట్టు పొద్దుటినుంచీ మండుతూనే ఉంది. మధ్యయుగాల దగ్గరే మధ్యాహ్నమైంది. ఆధునిక కవిత్వానికొచ్చేసరికి ఫిష్‌ఫ్రైలు చల్లారాయి, మనుషులు వేడెక్కారు. ఆఖరికి నాలుగో యూనిట్‌లో ఒక్క కవికి చోటు మిగిలింది. అది తన గురువు నిశీథ్‌రంజన్ మైత్రకి దక్కాలని దేవతోష్ పంతం.

చిక్కల్లా ఆ శాఖ ఆచారంతోనే. బతికున్న కవిని పాఠంగా పెట్టరు. సిలబస్సూ ఒక బస్సే. ఎక్కినవాడు దిగడు, ఎక్కాలనుకున్నవాడికి సీటుండదు. అయితే ఈ బస్సులో, పైకి పోయినవాళ్ళకే టిక్కెట్టు.

"ఆ రూలు ఊరికే పెట్టలేదు దేవ్‌దా," అంది సుతప దత్తగుప్త. "వెనక ఒకాయన్ని బతికుండగా పెట్టి చచ్చాం. రోజూ వచ్చి నా క్లాసులో వెనక బెంచీ ఎక్కేవాడు. 'ఈ పద్యంలో నది అంటే మృత్యువు' అని నేను చెప్పడం, 'కాదమ్మా, నదే' అని ఆయన లేవడం! పిల్లలు ఎవర్ని నమ్ముతారు చెప్పండి?"

"కాలం చేసినవాడే కాలానికి నిలుస్తాడు," తీర్పిచ్చాడు కృపానాథ్.

దేవతోష్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, సెల్‌ఫోన్ చూశాడు, మళ్ళీ వెళ్ళాడు. నిన్న మాస్టారు మంచం మీంచే అతని మణికట్టు పట్టుకున్నారు. "ఈసారైనా పిల్లలు నన్ను చదువుతారట్రా? తిట్టుకుంటూ చదివినా సరే," అన్నారు. ఆ పట్టు ఇంకా వదల్లేదు.

"పోనీ మా మేనమామని పెడదాం," అంది సుతప. "ఆయనకి అర్హత ఉంది."

"కవిత్వం రాశారా?" అడిగాడు దేవతోష్.

"పోయారుగా!"

కృపానాథ్ కలం మూత తీశాడు. "ఐదైంది. జాబితా కోసం రిజిస్ట్రార్ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. మేనమామనే రాసేస్తున్నా."

అప్పుడు మోగింది దేవతోష్ ఫోన్. మాస్టారి కూతురు బులు.

"దాదా, నాన్న లేచి కూర్చున్నారు! చేపల పులుసుతో అన్నం కూడా తిన్నారు. ఇక గండం గడిచినట్టేనని డాక్టరు..."

దేవతోష్ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అది సంతోషమో దుఃఖమో అతనికే తెలియలేదు. ఫోన్ పెట్టేసి చూస్తే అందరి కళ్ళూ తన మొహం మీదే ఉన్నాయి. కృపానాథ్ కలం కాగితాన్ని తాకబోతోంది.

"పోయారు," అన్నాడు దేవతోష్.

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఇందాకటి కృపానాథే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మహాకవి! నా మనసులో ఎప్పుడో సిలబస్‌లో ఉన్నాడయ్యా ఆయన."

"మా మామయ్యని వచ్చేసారి చూద్దాం," ముక్కు చీదింది సుతప. "ఆయనింక ఎక్కడికి పోతాడు?"

మౌనం రెండు నిమిషాలు పట్టింది. ఆమోదానికి అర నిమిషం కూడా పట్టలేదు. కాగితం రిజిస్ట్రార్ మనిషి చేతికెక్కి వెళ్ళిపోయింది. రేపు మెల్లగా నిజం చెప్పి కాళ్ళు పట్టుకుందాంలే అని దేవతోష్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరి వదిలేలోపే కృపానాథ్ గొడుగు అందుకున్నాడు.

"పదండి, ఆఖరి చూపు చూసొద్దాం."

"ఇప్పుడా! ఇంట్లోవాళ్ళు ఏడుస్తుంటారు కృపాదా."

"ఏడ్చేటప్పుడే వెళ్ళాలి. నవ్వేటప్పుడు వెళ్తారా?"

"అది కాదు... డాక్టరింకా ఖాయం చెయ్యలేదేమో."

"మనం ఖాయం చేసేశాం కదయ్యా! అచ్చుకి కూడా పంపేశాం."

టాక్సీలో దేవతోష్ ఒళ్ళో చక్రమంత రజనీగంధ దండ పెట్టారు. బులుకి ఫోన్ చేస్తే ఎత్తదు. ప్రతి ఎర్రలైటూ అతనికి దేవుడిలా కనబడింది, పచ్చలైటు యముడిలా. బాగ్‌బజార్‌లో మాస్టారి సందు మలుపు రానే వచ్చింది. పరువెటూ పోతుంది. రేపు పొద్దున్నే కృపానాథ్ ఫోన్ చేసి మాస్టారి పేరు కొట్టించేస్తాడు. అదీ బాధ. పదేళ్ళు ఆ ముసలాయన ఎక్కడ ఆగుతాడు?

తలుపు ఓరగా వేసుంది. కృపానాథ్ తల వంచి, చెప్పులు విడిచి, మెల్లగా తోశాడు.

ఎదురుగా మంచం మీద, దిండుకి చేరబడి, నిశీథ్‌రంజన్ మైత్ర మరమరాలు నములుతున్నారు.

సుతప గోడ పట్టుకుంది. కృపానాథ్ ఎర్రబడ్డ కళ్ళు ముందు మంచం వైపు, తర్వాత దేవతోష్ వైపు తిరిగాయి. దేవతోష్ దండని వీపు వెనక్కి నెట్టుకోబోయాడు. అంత దండ ఎక్కడ దాగుతుంది?

మాస్టారు కళ్ళద్దాలు పైకి తోసి, దండ చూశారు. కృపానాథ్ చేతిలో తడిసిన రుమాలు చూశారు. వంచిన తల ఎత్తలేని శిష్యుణ్ణి చూశారు. లోతుకుపోయిన ఆ బుగ్గలు నెమ్మదిగా విచ్చుకున్నాయి.

"ఓరోరి, సిలబస్‌లో పెట్టేశారట్రా నన్ను! ఎన్ని మార్కులకి?"