చేతి వేడి

ఇళ్లకు సాయంత్రం ఆరు తర్వాత కరెంటు ఆపేసినప్పటి నుంచి అందరి జేబుల్లోనూ చేతి వేడికి వెలిగే చిన్న టార్చిలైట్లే. అలాంటి లైటు లేక, పోయిన వారం సన్యాసిరావు చీకట్లో తడుముకుంటూ పడి తల పగలగొట్టుకున్నాడు. అందుకే భార్య వరహాలు పొద్దున్నే అతన్ని ఆ లైట్ల దుకాణానికి తీసుకొచ్చింది.

ముప్పై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసిన చేతులవి. వాటిలో అల్యూమినియం లైటు వెలగలేదు. ఇత్తడిదీ వెలగలేదు.

“రాగిది సూడు మావా,” అంది వరహాలు.

“పసిపిల్ల సేతిలోనైనా ఎలుగుతాదమ్మా అది,” అన్నాడు దుకాణదారు లింగరాజు.

రాగి లైటు ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది.

“ఐసుతోపాటు నన్నూ గడ్డకట్టించీసినారే,” అని నవ్వబోయాడు సన్యాసిరావు.

వరహాలు చేతిలోకి తీసుకోగానే అదే లైటు ఇట్టే వెలిగింది. కానీ రోజూ సాయంత్రం ఆరింటికల్లా ఆమె రొయ్యల కంపెనీలో డ్యూటీకి వెళ్లాలి. తెల్లవారితే గాని తిరిగి రాదు.

“నాను ఎచ్చబెట్టి ఈయన సేతిలో ఎట్టెళ్తే, ఎక్కువసేపు ఏది ఎలుగుతాది బాబూ?”

“రాగి ఏగిరం సల్లారిపోతాదమ్మా. మందపాటి ఉక్కుదైతే కొంచెం ఆగుతాది.”

“ఎంతసేపు?”

లింగరాజు తల దించుకున్నాడు. “నువ్వు మీ ఈది మలుపు తిరిగీదాకా.”

వరహాలు ఉక్కుదే ఇమ్మంది.