మూడు గడియారాల మాట

“డాక్టరు గారూ, ముందు ఎక్కింది బాబు పేరు. పాప పేరు కాదు. రెండు నిమిషాల తేడా ఉంది.”

ఇంజినీరు లాప్‌టాప్ తెరిచి ఆయన బల్ల మీద పెట్టింది.

అవయవాల కేటాయింపు చూసే పెద్ద డాక్టరు కళ్లజోడు సర్దుకున్నాడు.

ఆ ఉదయమే ఒక కాలేయం దొరికింది. దానికి సరిపోయే పిల్లలు ఇద్దరు, వేర్వేరు ఆసుపత్రుల్లో ఉన్నారు. ఒకే బ్లడ్ గ్రూపు. ఇద్దరి ప్రాణాలూ ఒకేలా కొట్టుమిట్టాడుతున్నాయి. అలాంటప్పుడు జాబితాలో ఎవరి పేరు ముందెక్కితే వాళ్లకే ఇస్తారు. సిస్టం పాప పేరు చూపించింది.

నాలుగు ఆసుపత్రులకు నాలుగు సర్వర్లు. వాటి గడియారాలు ఒకదాన్నొకటి సరిచూసుకుంటాయి. ఏదైనా ఒకటి తేడాగా చెబితే, మిగతా మూడూ దాన్ని పక్కన పెట్టేస్తాయి. అది వేసిన టైము చెల్లదు.

“ఆ పద్ధతి పెట్టింది మీరేగా?” అన్నాడాయన.

“నేనే. ఒకటి చెడిపోవచ్చనుకున్నాను సార్. మూడూ కలిసి చెడతాయనుకోలేదు.”

నెల కిందట, ఇద్దరి పేర్లూ ఎక్కిన రోజు పొద్దున్నే సర్వర్లకు కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. అందులోనే తప్పుంది. మూడు గడియారాలూ ఒకేలా నలభై సెకన్లు వెనకబడ్డాయి. నాలుగోదానికి వేయడం మర్చిపోయారు. సరైన టైము చెప్పింది అదొక్కటే. మూడూ కలిసి దాన్నే వెలేశాయి. పాప కంటే రెండు నిమిషాల ముందే బాబు పేరు ఎక్కింది దాంట్లో. చెల్లలేదని తెలిసి ఇంకో సర్వరులో మళ్లీ ఎక్కించేలోపు పాప పేరు ముందుకొచ్చేసింది.

ఇవాళ నాలుగింటినీ ఉపగ్రహం ఇచ్చే టైముతో పోల్చి చూస్తేగానీ ఆమెకే తెలియలేదు.

“మూడు ఒకే మాట మీదున్నాయి. ఒక్కటి కాదంటోంది. నన్ను దేన్ని నమ్మమంటారు?”

“ఆ ఒక్కదాన్నే సార్.”

“పరీక్షలు చేయించాలి. కమిటీ కూర్చోవాలి. రెండు రోజులు పడుతుంది. కాలేయం ఎనిమిది గంటలకు మించి ఆగదు. అప్పుడే నాలుగు గడిచిపోయాయి.” ఆయన గొంతు మెత్తబడింది. “నాలుగు రోజులుగా మీకు కంటి మీద కునుకు లేదని సిస్టర్ చెప్పింది. ఇలాంటప్పుడు మనసు ఏవేవో లెక్కలు వేస్తుంది. వెళ్లి బిడ్డ దగ్గర కూర్చోండమ్మా.”

“నేను అబద్ధమాడటం లేదండీ.”

“ఆడుతున్నారనడం లేదు. నా చేతుల్లో లేదంటున్నాను.”

బయటికొచ్చి, జాబితా నడిపే హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది. మెయిల్ పెట్టమన్నారు. పెట్టింది. మీ మెయిల్ మాకు అందింది అని క్షణంలో జవాబొచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

అంతలో భర్త ఫోన్.

“ఏమన్నారు?”

“వినడం లేదు.”

అవతల ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆమె వరండాలో బెంచీ మీద కూలబడింది. ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియలేదు. ఎదురుగా తలుపులు తెరుచుకున్నాయి. నర్సు గబగబా వచ్చి ఆమె చేతిలో ఒక కాగితం, పెన్నూ పెట్టింది.

“పాపను ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం, తల్లి సంతకం ఇక్కడ పెట్టండమ్మా.”