పెద్దిరాజు గారి ఫోను

మాట్లాడుతుండగానే చెవి దగ్గరి ఫోను గణగణా మోగింది. పెద్దిరాజు గారు గబుక్కున దాని నోరు నొక్కేశారు.

భార్య పోయాక, రోజూ సాయంత్రం ఆయన ద్రాక్షారామం గుడి అరుగు మీద కూర్చుని భీమేశ్వరుడితో మాట్లాడుకుంటున్నారు. మన స్వామి రెండంతస్తుల ఎత్తు కదా, అరుగు మీది మాట ఆయనకి వినపడుతుందని ధీమా. చెవికి ఆనించిన ఫోను మాత్రం జనం కోసం. తనలో తాను గొణుక్కునే ముసలాణ్ణి చూసి ఊళ్ళోవాళ్ళు నవ్వరూ?

ఇప్పుడు నవ్వనే నవ్వారు. చేసింది లోన్ కావాలా అని అడిగే కంపెనీవాళ్ళు; వాళ్ళకి వేళాపాళా ఉండదు. ఆయన తలెత్తలేక, కండువా సర్దుకుని లేవబోయారు.

పక్కనే పూలు లెక్కపెట్టుకుంటూ, పెదాలు కదుపుతూ మాల కడుతున్న పాపాయమ్మ ఆపింది.

"కూర్చోండి బాబూ. పులుసులో ఉప్పెక్కువైందన్నారు, తర్వాతేమైందో స్వామికి చెప్పరేంటి?"

"నీకు తెలుసా?" అన్నారాయన, తల వంచుకునే.

"అవతలివాళ్ళని ఒక్క మాటైనా మాట్లాడనిచ్చారేంటండీ మీరు?"

పాపాయమ్మ దారం ముడేసి, గొంతు తగ్గించింది.

"మా ఆయన పోయిన దగ్గర్నుంచీ రోజూ ఇలా గొణుగుతానా, పూలే లెక్కపెడుతున్నాననుకున్నారేంటండీ?"