తొమ్మిది గంటల ఫోను

“బడి తెరిచి తీరాల్సిందే!” అంటూ దర్జీ ఆవిడ కుర్చీలోంచి లేచింది.

తల్లిదండ్రుల మీటింగు. బడి ఆవరణలో ఆరడుగులకో కుర్చీ, ప్రతి ముఖానికీ మాస్కు.

“మా ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను మేడమ్. మీ ఆన్‌లైన్ పాఠాలు అందులో ఎక్కడ కనిపిస్తాయి? పిల్ల ఎనిమిదో క్లాసు. ఏడాది పోతే ఎవరు తెచ్చిస్తారు?”

వెనకెక్కడో నిలబడిన పెద్దాయన చెయ్యెత్తాడు.

“ఇంకో నెలాగుదామమ్మా. గదులు మరీ ఇరుకు. పిల్లలకి ఏమైనా అయితే మనం తట్టుకోలేం.”

ఆవిడకి ఒళ్ళు మండింది.

“మీకేం బాబూ, ఎన్నయినా చెప్తారు! మీ ఇంట్లో పిల్లకో ఫోను ఉండుంటుంది. ఇవన్నీ కడుపు నిండిన మాటలు!”

నలుగురూ తిరిగి చూశారు. ఆయన మాత్రం నొచ్చుకోలేదు.

“పాప చదువు ఆగకూడదు. అది మాత్రం నిజమేనమ్మా,” అన్నాడు.

చేతులెత్తమంటే ఎక్కువమంది ఆగుదామనే ఎత్తారు. ఆవిడ దారిపొడుగునా ఆ పెద్దాయన్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చి, ఆ కోపమంతా కుట్టు మిషను మీద చూపించింది.

సోమవారం పొద్దున సరిగ్గా తొమ్మిదింటికి బటన్ల ఫోను మోగింది.

“అమ్మా, బడి నుంచి! పాఠం వినిపిస్తారట!” కూతురు ఎగిరి గంతేసింది. “మనలాంటి వాళ్ళు ఇంకో నలుగురు కూడా లైన్లో ఉన్నారట!”

స్పీకర్లో లెక్కల టీచరు గొంతు. మధ్య మధ్యలో ఇంకో గొంతు, ఎవరో మాస్టారిది.

“బోర్డు మీద త్రిభుజం గీశారు తల్లీ. ఎడమ మూల ఏ, పైన బీ, కుడి మూల సీ. అందరూ గీశారా? తొందరేం లేదు.”

ఆవిడ మిషను ఆపేసింది. ఆ రోజు నుంచి తొమ్మిదయిందంటే ఆ ఇంట్లో మిషను చప్పుడు ఉండేది కాదు.

ఆ నెలలోనే జబ్బు ఊరిని ఊపేసింది. వీధిలో ఇంటికొకరు మంచం పట్టారు. పిల్లలు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. ‘హమ్మయ్య, బడి తెరవకపోవడమే మంచిదైంది,’ అని ఆవిడే పదిసార్లు అనుకుంది.

జబ్బు తగ్గుముఖం పట్టాక బడి తెరిచారు. మొదటి పరీక్షలో కూతురికి లెక్కల్లో ముప్పైకి ఇరవై ఆరు వచ్చాయి.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి పరుగెత్తింది.

“ఫోన్లో పాఠం చెప్పిన మాస్టార్ని ఒక్కసారి చూపించండి మేడమ్. రెండు చేతులా దణ్ణం పెట్టుకోవాలి.”

“ఫోన్లో పాఠమా? మేమలాంటివేం పెట్టలేదే!”

“అదేంటి మేడమ్, రోజూ చేసేవారు. ఇదిగో నంబరు.” ఆవిడ మీట నొక్కింది.

హెడ్‌మిస్ట్రెస్ బల్ల సొరుగులో ఫోను మోగింది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. హెడ్‌మిస్ట్రెస్ సొరుగు తెరిచి, మోగుతున్న ఫోనును చేతిలోకి తీసుకుంది.

“ఇది మన బడి బస్సులో ఉండే ఫోనమ్మా. డ్రైవరు గారిది. అందుకేనా! క్లాసు లింకు నాక్కూడా పంపండి మేడమ్ అంటే, ఈ వయసులో చదువు మీద మోజేమిటని నవ్వాను. రోజూ తొమ్మిదింటికి షెడ్డులో ఉన్న బస్సెక్కి, తలుపులేసుకుని కూర్చునేవారు. తన ఫోన్లో క్లాసు పెట్టుకుని, దీంట్లోంచి మీకు వినిపించారన్నమాట.”

“ఎక్కడున్నారాయన? ఒక్కసారి చూపించండి.”

“వెళ్ళిపోయారమ్మా. పోయిన వారమే ఈ ఫోను అప్పగించారు. ఎక్కడికని అడిగితే, ఏదో ఒక పని దొరక్కపోదులెండి అన్నారు.”

“అయ్యో, ముఖమైనా చూడలేదే నేను!”

“చూశారమ్మా. మీటింగులో మీరు కోప్పడ్డారే, ఆయనే.”

ఆవిడకి కళ్ళు నిండిపోయాయి.

హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా అంది.

“ఇంకో నెల బడి తెరవకపోతే బస్సు అమ్మేస్తామని, మీటింగుకు ముందు రోజే ఆయనకి చెప్పామమ్మా.”